బడిలో పిల్లలు పెరిగారు, గదులు అవే ఐదు. రాబోయే రెండేళ్ళకు లెక్క ఎట్లా వేయాలి?

భీమారం అమ్మ:

అందరికీ నమస్తే. హనుమకొండ నుంచి హసన్‌పర్తి పోయే దారిలో, పదేళ్ళ కింద పత్తి చేన్లు ఉన్న చోట ఇప్పుడు అన్నీ కాలనీలే. మా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 2021లో 142 మంది ఉండేవాళ్ళు, ఈ ఏడు 268. ఇంగ్లిష్ మీడియం పెట్టినంక కొందరు ప్రైవేటు నుంచి వచ్చారు, ఎక్కువ మంది మాత్రం కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ పిల్లలు, బిల్డింగ్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళ పిల్లలు.

గదులు ఐదు. అందులో ఒకటి ఆఫీసు, అదే స్టోరు, అందులోనే మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు. మిగిలిన నాలుగు గదుల్లో ఐదు తరగతులు. నాలుగో తరగతి వరండాలో కూర్చుంటుంది, వాన పడితే మూడో తరగతిలోకి దూరతారు, అప్పుడు నూరు మంది ఒక్క గదిలో. మొన్న జూలైలో వారం రోజులు అదే కథ, టీచరమ్మ గొంతు పోయింది పాపం.

నేను మా బస్తీ మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలిని కాబట్టి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి కూడా నేనే చైర్‌పర్సన్. 2024లో కమిటీ ద్వారా మరుగుదొడ్లు, నల్లా, కరెంటు పనులు అయ్యాయి, కొత్త గది ఆ పద్దులో లేదు. 2022లో బడులు బాగుచేసే మన బస్తీ మన బడి పథకం వచ్చినప్పుడు ఎక్కువ పిల్లలున్న బడులను ముందు తీసుకున్నారు, అప్పటికి మాది చిన్న బడి కాబట్టి పేరు రాలేదు. ఇప్పుడు ఒక ఆఫీసుకు పోయి అడిగితే “ఉన్న సంఖ్యకు అడగమ్మా, రాబోయే సంఖ్యకు ఎట్లా ఇస్తారు” అన్నారు. ఉన్న సంఖ్యకు అడిగి, మంజూరై, టెండరై, కట్టేసరికి మూడేళ్ళు పడితే అప్పటికి పిల్లలు ఇంకెంతమంది అవుతారు?

నా ప్రశ్నలు మూడు. రాబోయే రెండు మూడేళ్ళ సంఖ్య నమ్మేటట్టు ఎట్లా చూపించాలి? ఒక లీడర్ రేకుల షెడ్డు వేయిస్తానంటున్నాడు, తీసుకోవాలా? షిఫ్టులు పెడితే ఎట్లుంటది అని కొందరు అంటున్నారు, అది అయ్యే పనేనా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఊరికే రాజకీయాలు వద్దు.

రిటైర్డ్ పెద్దసారు:

అమ్మా, మీ ఆఫీసాయన చెప్పింది తప్పు. విద్యాహక్కు చట్టం 2009లో 22వ సెక్షన్ చూడండి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని బడి యాజమాన్య కమిటీదే. దాని కింద వచ్చిన నమూనా నిబంధనల ప్రకారం అది మూడేళ్ళ ప్రణాళిక, అందులో ప్రతి ఏడాదికీ తరగతివారీగా ఎంతమంది పిల్లలు వస్తారో అంచనా రాయాలి, దాన్నిబట్టి అదనపు టీచర్లు, అదనపు గదులు, డబ్బు. అంటే రాబోయే సంఖ్య రాయమనే నిబంధనే చెప్తున్నది. ఆర్థిక సంవత్సరం అయిపోవడానికి మూడు నెలల ముందే తయారు కావాలని కూడా ఉంది, అంటే డిసెంబర్ ఆఖరు. మీరు నవంబర్‌లో అడిగారు, మంచి టైమే. నా సర్వీసులో ఈ కాగితం చాలా బడుల్లో చూశాను, పోయినేడాది కాగితం మీద తేదీ మార్చి సంతకం పెట్టడమే, నిజం చెప్పాలంటే రెండుసార్లు నేనూ అదే చేశాను.

ఇక లెక్క. బీరువాలో అటెండెన్స్ రిజిస్టర్లు ఉంటాయి, మూడేళ్ళవి తీయించండి. పోయినేడు ఒకటో తరగతిలో ఎంతమంది ఉన్నారు, ఈ ఏడు రెండో తరగతిలో ఎంతమంది ఉన్నారు అని జోడీలు రాయండి. 47 మంది ఉన్న ఒకటో తరగతి ఈ ఏడు రెండులోకి వచ్చేసరికి 52 అయిందనుకోండి, 52ని 47తో భాగిస్తే 1.11. అంటే పిల్లలు పై తరగతికి పోయేటప్పుడు మీ బడి పోగొట్టుకోవడం లేదు, నూటికి పదకొండు మందిని కలుపుకుంటున్నది. పల్లెల్లో ఇది ఎక్కువగా ఒకటి కంటే తక్కువ ఉంటుంది. ప్రతి తరగతికీ ఇట్లా మూడేళ్ళ సగటు తీసి, ఇప్పటి సంఖ్యను దానితో గుణిస్తే వచ్చే ఏడాది రెండు నుంచి ఐదు వరకు వచ్చేస్తాయి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు.

చిక్కల్లా ఒకటో తరగతితోనే. దానికి వెనక జోడీ లేదు కదా. అంగన్‌వాడీకి పోయి నాలుగేళ్ళ పిల్లలు, ఐదేళ్ళ పిల్లలు ఎంతమందో విడివిడిగా అడగండి. రిజిస్టర్లో ఉన్నవాళ్ళంతా మీ బడికి రారు, పోయిన రెండేళ్ళలో ఎంతమంది వచ్చారో చూసి ఆ వంతు పట్టుకోండి. మీ తరగతివారీ అంకెలు ఇక్కడ పెట్టండి, నేనే వేసి చూపిస్తాను.

ఇంకో మాట. దేశంలోని బడుల లెక్కలన్నీ ఎక్కించే యూడైస్‌లో సెప్టెంబర్ 30 నాటి సంఖ్యే ఆ ఏడాది సంఖ్య. అక్టోబర్‌లో చేరిన పిల్లలు వచ్చే ఏడాది దాకా లెక్కలో కనపడరు. పనికి వచ్చే కుటుంబాలు దసరా తర్వాత దిగుతాయి, వాళ్ళను వేరే కాగితం మీద చూపించాల్సిందే.

భీమారం అమ్మ:

సార్ మీకు దండం. ఇవిగో: ఒకటి 58, రెండు 52, మూడు 55, నాలుగు 51, ఐదు 52. జోడీలు మా హెచ్‌ఎం మేడంతో కూర్చుని తీశాం, ఒకటి నుంచి రెండుకు సగటు 1.09, మిగతావి 1.08 దగ్గర. ఒకటో తరగతి రెండేళ్ళ కింద 38, పోయినేడు 47, ఇప్పుడు 58.

రిటైర్డ్ పెద్దసారు:

ఒకటో తరగతి ఏడాదికి పది చొప్పున ఎగబాకుతున్నది, కానీ ఆశపడి ఎక్కువ రాయొద్దు, 66 పెట్టుకుందాం. రెండు 63, మూడు 56, నాలుగు 59, ఐదు 55. మొత్తం 299. ఆ తర్వాతి ఏడు ఒకటి 72, రెండు 72, మూడు 68, నాలుగు 60, ఐదు 64, మొత్తం 336.

200 దాటిన ప్రాథమిక బడికి చట్టం షెడ్యూల్లో హెచ్‌ఎంను వదిలేసి నలభై మందికి ఒక టీచర్ మించకూడదు. 336కి తొమ్మిది మంది టీచర్లు, ప్రతి టీచర్‌కూ ఒక గది ఉండాలని అదే షెడ్యూల్ చెప్తుంది, హెచ్‌ఎం ఆఫీసు, స్టోరు వేరే. ఇంకో దారిలో చూస్తే ప్రతి తరగతి అరవై, ఆపైనే ఉంటున్నది కాబట్టి రెండేసి సెక్షన్లు, పది గదులు. తొమ్మిదే రాయండి, పది అంటే బేరం ఆడుతున్నారు అనుకుంటారు.

చాక్‌పీస్:

సార్ లెక్క బాగుంది కానీ నాదో మాట, నేను ఇదే జిల్లాలో ప్రాథమిక బడి టీచర్‌ని, ఎస్జీటీని. గది వస్తుంది, టీచర్ రాడు. నేను పనిచేసిన ఒక బడిలో రెండు కొత్త గదులు వచ్చాయి, పోస్టులు మాత్రం పాతవే, చివరికి ఒక గదిలో ఎలక్షన్ సామాన్లు పెట్టారు. కాబట్టి అక్కా, గదులకు ఒక దరఖాస్తు, టీచర్లకు ఒక దరఖాస్తు, రెండూ ఒకే రోజు ఇవ్వండి. డీఎస్సీ దాకా ఆగకుండా వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద పిల్లలు తగ్గిన బడుల నుంచి ఇద్దరిని పంపమని అడగొచ్చు, అది ఎంఈఓ దగ్గర కదిలే పని.

షిఫ్టుల సంగతి అడిగారు. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా ఏడాదికి 200 రోజులు, 800 గంటలు చదువు చెప్పాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. ఒంటిపూట బడుల్లో మనం దాదాపు అంతే చెప్తున్నాం, కాబట్టి కాగితం మీద షిఫ్టు కుదురుతుంది, పొద్దుటి పిల్లలు తిని ఇంటికి పోతారు, మధ్యాహ్నం పిల్లలు తిని బడిలో కూర్చుంటారు. కానీ మీరే అన్నారు అక్కా, పిల్లల అమ్మానాన్నలు బిల్డింగ్ పనికి పోతారని. ఒకటో తరగతి పిల్ల పన్నెండున్నరకు ఇంటికి పోతే తలుపు ఎవరు తీస్తారు? మళ్ళీ సైటు దగ్గర ఇసుక కుప్ప మీదే. అందుకే నేను వద్దంటాను. తప్పదనుకుంటే నాలుగు, ఐదు తరగతులకు మాత్రం, అదీ ఒక్క ఏడాదికి.

ఆ బియ్యం సంగతి చూడండి ముందు. పిల్లకు నూరు గ్రాములు చొప్పున 268 మందికి రోజుకు 27 కిలోలు, నెలకు దాదాపు ఆరు క్వింటాళ్ళు, అంటే పన్నెండు బస్తాలు. పన్నెండు బస్తాలకు ఒక గది అవసరమా? వంట అక్కల గది పక్కన ఎలుకలు దూరని ఇనుప పెట్టె చేయించి సగం అందులో పెట్టండి, పదిహేను రోజులకోసారి తెచ్చుకోవచ్చేమో డీలర్‌ను అడగండి. రేపటికి సగం గది మీ చేతిలో ఉంటుంది.

ఎర్రగట్టు ఇంజినీర్:

షెడ్డు గురించి నేను చెప్తా. రేకుల షెడ్డు వానకు చప్పుడు, టీచర్ మాట వినపడదు. మార్చి రెండో వారం నుంచి లోపల పెనం మీద కూర్చున్నట్టే. అన్నిటికంటే నష్టం ఏందంటే షెడ్డును కూడా ఎవరో ఒకరు గది కింద రాసేస్తారు, అప్పుడు మీ బడికి ఆరు గదులు ఉన్నట్టే లెక్క. తీసుకుంటే వంటకు, లేదా పిల్లలు కూర్చుని తినడానికి తీసుకోండి, తరగతి గది కాదని తీర్మానంలో రాయండి.

ఉన్న గది కొలత ఎంత? 20 అడుగులకు 18 అడుగులు అనుకుంటే 33 చదరపు మీటర్లు. సీబీఎస్ఈ అఫిలియేషన్ నిబంధనల్లో పిల్లకు కనీసం ఒక చదరపు మీటరు అంటారు. మీది సీబీఎస్ఈ బడి కాదు, అయినా ఆ కొలతకు 33 మంది పట్టే గదిలో 52 మంది అని ఫోటోతో సహా రాస్తే చదివేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

పైన ఇంకో అంతస్తు వేయొచ్చా అనేది అసలు ప్రశ్న. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసిన పాత గదులైతే ఆ ఆశ వదలండి. పిల్లర్లు ఉంటే పునాది ఎంత లోతు, రాడ్ ఎంత, పైకి రాడ్లు వదిలారా అని అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) వచ్చి చూడాలి, పాత డ్రాయింగ్ దొరికితే అదృష్టం. పత్తి చేన్లు అన్నారు కాబట్టి కింద నల్లరేగడి కావచ్చు, ఎండకు నెర్రెలు, వానకు ఉబ్బు, పునాది ఖర్చు మామూలు ఎస్టిమేట్ కంటే ఎక్కువే పడుతుంది. అది ముందే రాయించకపోతే పని సగంలో ఆగుతుంది.

స్థలం ఎవరి పేరు మీద ఉందో కూడా చూడండి. చాలా పాత బడులు ఎవరో పుణ్యానికి ఇచ్చిన జాగాలో ఉంటాయి, కాగితం ఉండదు, ఎకరం కోట్లకు పోయాక మనవళ్ళు వస్తారు. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా ఉంది కదా అని ఎవరైనా అంటే వినొద్దు. బెంగళూరులో పార్కు జాగాను ఆసుపత్రికి ఇస్తే 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇంకా, 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ నాలా చుట్టుపక్కల వరదకు ఏమైందో మనం చూశాం. నీళ్ళు నిలిచే మూల చవగ్గా వస్తుందని బడికి తీసుకోకండి.

పరకాల గడుసోడు:

అందరూ కట్టండి కట్టండి అంటున్నారు. మా వైపు ఒక ఊరి బడికి వచ్చి చూడండి, ఆరు గదులు, రంగులేసి బొమ్మలేసి అద్దంలా ఉంటుంది, పిల్లలు పదకొండు మంది. ఇదే జనం ఆ ఊళ్ళ నుంచే మీ కాలనీకి వచ్చారు. ఇప్పుడు మీ దగ్గర తొమ్మిది గదులు కడితే పదేళ్ళకు వాళ్ళు ఇంకో కాలనీకి పోరా? పైగా మీకు రెండు కిలోమీటర్ల దూరంలో ఇంకో ప్రభుత్వ బడి ఉండే ఉంటుంది, అందులో గదులు ఖాళీ ఉంటే ఆటో పెట్టి పంపండి. ప్రభుత్వం డబ్బు అంటే మన డబ్బే కదా.

భీమారం అమ్మ:

అన్నా, ఆ బడి ఉంది, మూడు గదులు ఖాళీనే. కానీ నడుమ మెయిన్ రోడ్డు, ఇసుక లారీలు, ఆర్టీసీ బస్సులు, పొద్దున తొమ్మిదికి పెద్దవాళ్ళం దాటడానికే పది నిమిషాలు. ఆరేళ్ళ పిల్లను దాటిస్తారా మీరు? ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలనే నిబంధన అందుకే కదా.

చాక్‌పీస్:

గడుసు అన్న మాట కొంత నిజమే అక్కా, కొట్టిపారేయొద్దు. నాలుగు, ఐదు తరగతుల పెద్ద పిల్లలకు ఆ బడి గదులు వాడుకుంటూ ఆటో ఖర్చు ఎంతో లెక్క వేసి ప్రణాళికలోనే పెట్టండి. “ఖాళీ గదులు మేం చూడలేదనుకున్నారా, చూశాం, ఖర్చు ఇంత, ఇబ్బంది ఇది” అని మీరే ముందు రాస్తే అవతలివాళ్ళు ఆ మాట మీద మిమ్మల్ని వెనక్కి పంపలేరు.

డాలస్ బాబాయ్:

మాది కాజీపేట, ఉండేది టెక్సాస్‌లో డాలస్ పక్కన. ఇక్కడ బడులకు స్కూల్ డిస్ట్రిక్ట్ అని వేరే పాలకమండలి ఉంటుంది, మున్సిపాలిటీతో సంబంధం లేదు. కొత్త బడి కట్టాలంటే బాండ్ ఎలక్షన్ పెడతారు, జనం ఓటేసి ఒప్పుకుంటేనే అప్పు తెచ్చి కడతారు, ఆ అప్పు మన ఇంటి పన్నులోంచే పోతుంది. కట్టేలోపు పిల్లలు ఎక్కువైతే గ్రౌండ్‌లో చక్రాల మీద తెచ్చిన పోర్టబుల్ గదులు దింపుతారు, ఏసీ ఉంటుంది కానీ వానలో బాత్రూంకు పోవాలంటే తడుచుకుంటూ మెయిన్ బిల్డింగ్‌కు ఉరకాలి. మా పెద్దోడు రెండేళ్ళు అందులోనే చదివాడు.

వాళ్ళ దగ్గర నేర్చుకునేది ఒకటుంది. పిల్లలను లెక్కపెట్టే ముందు ఇళ్ళను లెక్కపెడతారు. పర్మిషన్ తీసుకున్న ఇళ్ళు ఎన్ని, పునాదిలో ఎన్ని, అమ్ముడుపోయినవి ఎన్ని, అదే డిస్ట్రిక్ట్‌లో ఇప్పటికే నిండిన కాలనీలో ఇంటికి సగటున ఎంతమంది బడి పిల్లలు ఉన్నారు. విడి ఇళ్ళకు ఒక లెక్క, అపార్ట్‌మెంట్లకు ఇంకో లెక్క. మీరు కూడా నిండిన ఒక వీధిని తీసుకుని గడప గడపకూ తిరిగి చూడండి.

పరకాల తమ్ముడు చెప్పిందీ ఇక్కడ జరుగుతున్నదే. ఒకప్పుడు పిల్లలతో కిటకిటలాడిన ప్లేనో డిస్ట్రిక్ట్ 2024లో నాలుగు బడులు మూయాలని నిర్ణయించింది. ఇళ్ళ రేట్లు పెరిగాయి, చిన్న పిల్లలున్న జంటలు కొనలేక ఇంకా దూరం పోతున్నారు, ఉన్నవాళ్ళ పిల్లలు కాలేజీకి పోయారు.

పరకాల గడుసోడు:

చూశారా, అమెరికాలో కూడా నా మాటే నిజమైంది 😄 మన దగ్గర బడికి ఓటు పెడితే ముందు ఓటుకు ఎంత అని అడుగుతారు.

ఎర్రగట్టు ఇంజినీర్:

నీ మాటకు జవాబు కూడా ఉంది తమ్మీ. ఒకేసారి తొమ్మిది గదులు కట్టాల్సిన పని లేదు. పునాది, పిల్లర్లు జీ ప్లస్ వన్‌కు వేసి కింద నాలుగు గదులు ఇప్పుడు, పైన ఎప్పుడు అవసరమైతే అప్పుడు. ఒంటి గది కట్టి దాని మీద ఇంకోటి కట్టలేక మళ్ళీ గ్రౌండ్‌ను తినడం మన దగ్గర మామూలు అయిపోయింది, అందుకే చాలా బడుల్లో పిల్లలకు కబడ్డీ ఆడే జాగా కూడా మిగలలేదు.

భీమారం అమ్మ:

మూడు వారాల తర్వాత వస్తున్నా, మన్నించండి, నడుమ సంఘం ఆడిట్ ఉండె.

ఇళ్ళు లెక్కపెట్టాం. మా సంఘం అక్కలు పన్నెండు మంది నాలుగు ఆదివారాల పని రెండు ఆదివారాల్లో చేశారు. నిండిన వీధిలో నలభై ఇళ్ళకు ఐదు తరగతుల ఈడు పిల్లలు 31 మంది, అందులో మా బడికి వచ్చేది 12 మంది. కట్టుబడిలో ఉన్న ఇళ్ళు 83, అంటే దాదాపు 25 మంది. ఇక్కడ ఒక తప్పు చేయబోయాం, ఈ 25ను పెద్దసారు చెప్పిన 336 మీద కలిపేశాం, హెచ్‌ఎం మేడం ఆపింది, 1.08లో కొత్త ఇళ్ళ పిల్లలు ఇప్పటికే ఉన్నారు కదా, రెండుసార్లు లెక్క అవుతుంది అని. అందుకే ఇళ్ళ లెక్కను పక్కన సాక్ష్యంగా పెట్టాం, కలపలేదు.

బియ్యం పెట్టె చేయించాం, ఇంకో అల్మారా బయటకు తీశాం, ఆఫీసు సగం గదిలో ఇరవై మంది ఒకటో తరగతి పిల్లలు కూర్చుంటున్నారు. లీడర్ గారికి షెడ్డు భోజనాలకు చాలు అని చెప్పాం, ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది, ఫ్లెక్సీ సైజు తగ్గుతుందని కావచ్చు. స్థలం కాగితం దొరకలేదు, అదొక్కటే టెన్షన్, తహసీల్దార్ ఆఫీసులో నకలుకు పెట్టాం.

కింద నాలుగు గదులు, పునాది పై అంతస్తుకు సరిపడా అని తీర్మానం చేశాం. టీచర్లకు వేరే దరఖాస్తు. రోడ్డు అవతలి బడికి నాలుగో, ఐదో తరగతులను ఆటోలో పంపితే నెలకు ఎంతో కూడా రాశాం. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోతున్నాం, ఎనిమిది మందిమి. పెద్దసారు, ఆ 1.08 లెక్క మా అక్కలకు చెప్పడానికి భయపడ్డా, తీరా చెప్తే “ఇది మన పొదుపు వడ్డీ లెక్కనే కదనే, దీనికింత రాద్ధాంతమా” అన్నారు.

చాక్‌పీస్:

రెండు సెట్లు తీసుకుపోండి అక్కా, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు.